ఆంగ్లదేశపు చౌక పానశాలలు

ఆంగ్లదేశమున పానశాలను పబ్బు అందురు. అచ్చట టిమ్ మార్టిన్ అనునాతడు 1979వ సంవత్సరమున లండను నగరపు ఉత్తరభాగమగు మస్వెల్ హిల్లునందు ఒక పబ్బు తెరచి, పిమ్మట దానికి తన ఉపాధ్యాయుని పేరు పెట్టెను. ఆ వెదర్‌స్పూన్ పబ్బులు నేడు వందలకొలది కలవు. పాత బ్యాంకులు, సినిమాశాలలు, తపాలాకచ్చేరులు వీనిలో అనేకములకు నెలవులైనవి. టన్‌బ్రిడ్జ్ వెల్సు పట్టణమున 1902లో తెరచిన సంగీతనాటకశాలయు నేడట్టి పబ్బే. ప్రేక్షకులు కూర్చుండిన మేడవరుసల క్రింద ఇప్పుడు భోజనపు బల్లలు అమరియున్నవి.

సోదరీమణులారా! మద్యశాల యన్న మనకు జంకు సహజము. కాని ఇచ్చట వెల తక్కువ. పెక్కింట సంగీతపు రొద లేదు. కాఫీ పుచ్చుకొని ఒంటరిగా కూర్చుండు స్త్రీలును కానవత్తురు. చలికాలమున ఇంట తోడులేని వృద్ధునకు ఒక్క కప్పు తేనీటి వెలకే వెచ్చదనమును, నలుగురి సందడియు లభించును.

అయినను ఆ చౌకదనమే ముప్పు. తక్కువ వెల రెండవ గ్లాసునకును, మూడవదానికిని చేయి చాపించును. అనేకచోట్ల ఉదయముననే బీరు దొరకును. పేటలోని చిన్న పబ్బువాడు ఆ వెలకు అమ్మజాలడు. గ్లాసు ఖరీదు అచ్చటి బల్లకడనే తీరును. త్రాగుడు ఖరీదు మాత్రము ఇల్లాలి లెక్కలో పడును.