రాముడితో పేచీ పడ్డవాళ్లు

చాలాకాలం పాటు భద్రాచలంలో దేవుడు రాముడు, ఎమ్మెల్యే మార్క్సిస్టు. 1985 నుంచి వరసగా మూడుసార్లు కుంజా బొజ్జి, 1999లో, 2004లో సున్నం రాజయ్య. 2009లో ఒక్కసారి కాంగ్రెస్‌కు పోయిన సీటు 2014లో మళ్లీ రాజయ్యకే వచ్చింది. 2018తో ఆ వరస తెగింది, అది వేరే కథ. శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో నాలుగు తలంబ్రాల గింజల కోసం చాచిన చేతులే ఎన్నికల నాడు సుత్తీ కొడవలీ నక్షత్రానికి ఓటేశాయి. బయటివాళ్లకిది వింత. ఊళ్లోవాళ్లకు కాదు.

దుమ్ముగూడెం దారిలో పోడు చేసుకునే ఒక పెద్దాయన్ని ఈ సంగతే అడిగితే, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "పోడు పట్టా రాముడిస్తడా సారూ? జెండా పట్టుకుంటేనే వచ్చింది. మరి పిల్ల పెండ్లి జెండా చేస్తదా? దానికి రాముడుండాలె."

దీన్ని గడుసుతనం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఆలోచన అనే అంటాను. ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తేల్చుకున్న మనిషి మాట అది. గోదావరి పొంగినప్పుడు చూడాలి ఈ సంగతి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీళ్లలో పసుపు కుంకుమ వదిలి దండం పెట్టుకున్న ఆవిడే ఒడ్డెక్కగానే "ఇప్పుడెంతుందంట?" అని అడుగుతుంది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ రాత్రి ఊళ్లో ఎవరినడిగినా అడుగుల లెక్కా చెప్పారు, అమ్మ శాంతించాలనీ అన్నారు. దేవుణ్ని నమ్మేవాళ్లు లోతుగా ఆలోచిస్తారా, నమ్మనివాళ్లా అని పందెం కాసేవాళ్లకు ఇక్కడ రెండు జట్లు విడివిడిగా దొరకడం కష్టం.

పరిశోధకులు మాత్రం జట్లు కట్టి కొలిచారు. వాళ్ల కొలబద్దల్లో పేరుమోసింది ఒక చిన్న లెక్క. బ్యాటూ బంతీ కలిపి రూపాయి పది పైసలు. బంతి కన్నా బ్యాటు రూపాయి ఎక్కువ. బంతి ఎంత? నోటికి ఠక్కున వచ్చేది పది పైసలు. నిలబడి చూసుకుంటే ఐదు. పది పైసల దగ్గర ఆగిపోయేవాళ్లలో దైవభక్తి కాస్త ఎక్కువగా కనిపించిందని 2012లో ఒక పరిశోధన చెప్పింది. అదే ఏడు ‘సైన్స్’ పత్రికలో విల్ జెర్వే, ఆరా నొరెంజయాన్ ఇంకో అడుగు ముందుకేశారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న రోదా శిల్పం ‘ఆలోచనాపరుడు’ ఫొటో చూపిస్తే చాలు, చూసినవాళ్లలో నమ్మకం తగ్గిందన్నారు. 2017లో వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందికి అదే బొమ్మ చూపించారు. ఏమీ తగ్గలేదు. ఒకవేళ తగ్గి ఉన్నా నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. బొమ్మను చూస్తే మనసు మారుతుందన్న సంగతి మన గుళ్లు కట్టినవాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఖమ్మం నుంచి కోదాడ వైపు వెళ్తుంటే నేలకొండపల్లి వస్తుంది. సృష్టికర్త ఊసెత్తని బుద్ధుడి స్తూపం అక్కడుంది, క్రీస్తు శకం తొలి శతాబ్దాలది. రాముడి కోసం ఖైదుకు పోయిన కంచర్ల గోపన్న పుట్టిందీ అక్కడే, ఆయన పేర ధ్యానమందిరం ఉంది. భక్తుడు కాబట్టి గోపన్న ఆలోచించలేదని ఎవరైనా అంటే వాళ్లు ఆయన కీర్తనలు వినలేదన్నమాట. గోల్కొండ తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు ఆయన. మేనమామలు అక్కన్న మాదన్నలు ఆ కొలువులో చక్రం తిప్పినవాళ్లు. వసూలైన శిస్తు పెట్టి భద్రాచలంలో రాముడి గుడి కట్టాడు, నగలు చేయించాడు, పట్టుబడ్డాడు. పన్నెండేళ్ల ఖైదంటారు. అక్కడ పాడిన వాటిలో వేడుకోలుతో పాటు నిలదీతా ఉంది. తహసీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది? చింతాకు పతకం దగ్గర్నుంచి ఏ నగ ఎవరికి చేయించాడో, దేనికెంత పోశాడో పద్దు చదివినట్టు చదివి రాముణ్నే దబాయించాడు. తండ్రినీ మామనూ కూడా మాటల్లోకి లాగాడు. ఆనక తప్పైందని ఒప్పుకున్నాడు.

దేవుడు లేడనుకున్నవాడికి ఈ యాతన లేదు. లేనివాణ్ని నిలదీసేదేముంది? ఉన్నాడనుకున్నవాడే, ఉండీ నాకెందుకిలా అన్న ప్రశ్నతో రాత్రంతా మేలుకోవాలి. ఈ ఒక్క విషయంలో నాస్తికుడి పని తేలిక. నాస్తిక మిత్రులు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను.

గోపన్న కథలో ఇంకో మెలిక ఉంది. రామలక్ష్మణులు బాకీ తీర్చడానికి వచ్చినప్పుడు కనిపించింది తానీషాకు, గోపన్నకు కాదు. ఏళ్ల తరబడి పాడినవాడికి దక్కని దర్శనం వేరే మతం సుల్తానుకు దక్కింది. జనం అల్లిన కథే కావచ్చు. అల్లినవాళ్లు మాత్రం ఆషామాషీ మనుషులు కారు. ఇంత భక్తికి ఇంత ఫలం అన్న లెక్కను భక్తుడి కథలోనే తలకిందులు చేసి పెట్టారు. ఆ తానీషా మొదలుపెట్టాడని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఇప్పటి ప్రభుత్వాలూ సాగిస్తున్నాయి.

నమ్మనితనం మనకు బయటినుంచి దిగుమతైందనేవాళ్లు అయోధ్యాకాండ తెరిచి చూడాలి. అడవికి వచ్చేసిన రాముణ్ని వెనక్కి రమ్మని భరతుడు బతిమాలుతున్నప్పుడు జాబాలి కల్పించుకుంటాడు. తండ్రీ కొడుకుల చుట్టరికం దారిలో ఒక పూట ఒకే చోట బస చేసినవాళ్ల పరిచయం లాంటిదే అంటాడు. ఇక్కడ పెట్టిన పిండం ఎక్కడో ఉన్నవాడి ఆకలి తీర్చేదైతే ఊరికి పోయేవాడికి చద్దిమూట ఎందుకంటాడు. రాముడికి కోపం వచ్చింది. అయినా నోరు మూయించి వదిలెయ్యలేదు, సత్యమే అన్నిటికీ మూలమంటూ సావకాశంగా జవాబు చెప్పాడు. నిన్ను వెనక్కి తేవడానికే జాబాలి అలా అన్నాడని వసిష్ఠుడు సర్దిచెప్పాడు. ఈ సర్దుబాటు నాకంత రుచించదు. కానీ వాల్మీకి ఆ ప్రశ్నను నీరుగార్చలేదు, దాని బలం దానికిచ్చి అప్పుడు జవాబు చెప్పించాడు. భద్రాచలం దగ్గరి పర్ణశాలలో సీతమ్మ నారచీర ఆరేసిన ఆనవాళ్లు చూపించే గైడు జాబాలిని తలచుకోకపోతే తప్పు లేదు. గంటల తరబడి రామాయణం చెప్పే ప్రవచనకర్తలు ఆ ఘట్టాన్ని ఎంత వేగంగా దాటేస్తారో గమనించండి.

తెలుగులో ఈ పేచీ ఇరవయ్యో శతాబ్దంలో బాగా రాజుకుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుక వధ’ నాటకంతో రాముణ్ని బోనెక్కించాడు. విశ్వనాథ సత్యనారాయణ మూడు దశాబ్దాల పాటు ‘రామాయణ కల్పవృక్షం’ రాశాడు, 1970లో తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చాడు. 1974లో రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మొదలైంది. పేరులోనే కయ్యం ఉంది. ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడం రెండు పక్షాలకూ గిట్టదు. కానీ వాల్మీకి శ్లోకం శ్లోకం పట్టుకుని, ఈ మాట ఇక్కడ ఎందుకన్నాడు అని అడుగుతూ పోవడంలో ఇద్దరూ ఒక బడి పిల్లలే. ఆయనకు ప్రతిచోటా ఒక గూఢార్థం కనిపించింది. ఆవిడకు అదే చోట ఒక రాజరికపు అన్యాయం కనిపించింది. ఒకరు పూజించారు, ఒకరు ఉతికారు. ఇద్దరూ చదివారు. మరి మనమో? కల్పవృక్షాన్ని బీరువాలో పెట్టుకుని గర్వపడేవాళ్లను చూశాను, విషవృక్షం అట్ట మీది పేరు మాత్రమే చదివి హేతువాదులైనవాళ్లనూ చూశాను. వాళ్లిద్దరికీ పెద్ద తేడా లేదు.

నాస్తికుల్లో నాకు గోరా మీద గురి. గోపరాజు రామచంద్రరావు దేవుడు లేడన్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. లేడని రుజువు చేయడంతో ఆయన పని అయిపోలేదు. లేకపోతే కులానికి ఏం ఆధారం, అంటరానితనానికి ఏం సాకు అని వరసగా అడుగుతూ పోయి, కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నాడు. ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. పెళ్లి ప్రమాణంలో దేవుడున్న చోట సత్యమని పెట్టడానికీ ఒప్పుకున్నాడు. 1948 మార్చిలో పెళ్లి జరిగేనాటికి గాంధీ లేడు. రామనామం జపించే మనిషీ దేవుడు లేడనే మనిషీ ఒక పెళ్లితంతు దగ్గర కూర్చుని ఏ మాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తర్కించుకున్నారంటే, అంతకన్నా లోతైన మతచర్చ నాకు తెలిసి మరోటి లేదు. గోపన్న ఖైదుకు పోయాడు, గోరా కొలువు పోగొట్టుకున్నాడు. నష్టపోవడమే లోతుకు గుర్తు అనను, మూర్ఖులూ నష్టపోతారు. వీళ్లిద్దరూ తాము పట్టుకున్నదాన్ని చివరికంటా లాగి చూశారు, అదీ తేడా.

ఇంతవరకూ చెప్పిందంతా అక్షరం వచ్చినవాళ్ల గొడవ. మణుగూరు దాటి అడవిలోకి పోతే లెక్క మారుతుంది. కోయల వేల్పుల కథలు పుస్తకాల్లో కాదు, డోలి వాయించేవాళ్ల నోళ్లలోనూ, పడిగె అనే బొమ్మల గుడ్డ మీదా ఉంటాయి. సమ్మక్క సారలమ్మల కథను అలా పాడినవాడు సకిని రామచంద్రయ్య, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లులు కొలువైన మేడారంలో విగ్రహం లేదు. కుంకుమ భరిణె, వెదురు కర్ర, రెండేళ్లకోసారి జాతర. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయుల సేన వచ్చిందనీ, ఎదురునిలిచి పోరాడిన తల్లీకూతుళ్లు దేవతలయ్యారనీ కథ.

ఈ అడవి అంచున ఉన్న రెండు పెద్ద కథలూ శిస్తు చుట్టూ తిరుగుతాయి. ఒకదాంట్లో సర్కారు సొమ్ము తీసి దేవుడికి ఖర్చుపెట్టిన ఉద్యోగి భక్తుడయ్యాడు. ఇంకోదాంట్లో సర్కారుకు కట్టనన్నవాళ్లే దేవతలయ్యారు. రెండో కథ చెప్పుకునేవాళ్లను నమ్మేవాళ్లనే పెట్టెలో వేసి మూత పెడితే, రాజ్యం ఎవరిది, పంట ఎవరిది అన్న వాళ్ల ఆలోచన ఎక్కడికి పోవాలి? అందరూ అంత ఆలోచించే జాతరకు మొక్కు బెల్లం మోస్తున్నారని కాదు. కథలో మాత్రం ఆ ఆలోచన దాచిపెట్టి ఉంది, కావలసినవాడు తీసుకుంటాడు.

కొత్తల పండుగ అయ్యేదాకా కోయలు కొత్త పంట ముట్టరు. దీన్ని చూసి పట్నం నుంచి వచ్చినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు మూఢనమ్మకం అంటారు. ఇంకొకరు ఇందులో గొప్ప పర్యావరణ విజ్ఞానం ఉందంటారు. మొదటివాడి కన్నా రెండోవాడే నాకు ఎక్కువ విసుగు. విజ్ఞానం అన్న ముద్ర మనం వేస్తే గానీ వాళ్ల పనికి విలువ లేదా?

ఇంత చెప్పి బాణామతి సంగతి దాటేస్తే అన్యాయం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, చంపడం మన జిల్లాలకు కొత్త కాదు. ఇక్కడ నమ్మకాన్ని వెనకేసుకొచ్చే పని నేను చేయను. 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక వాళ్లూ, వాళ్లలాంటి హేతువాదులూ ఊళ్లకు వెళ్లి మహిమల గుట్టు విప్పి చూపించడం మంచి పనే. పసుపులో సున్నం కలిస్తే నెత్తురు రంగు వస్తుందని చూపిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. ఒక్కోచోట మాత్రం మంత్రగాడు పోయి మాస్టారు వస్తాడు. నిన్నటిదాకా ఆయన చెప్పింది నిజం, ఇవాళ ఈయన చెప్పింది నిజం. గుట్టు విప్పడం చూసినవాడు రేపు తనంతట తాను ఇంకో గుట్టు విప్పగలడా అన్నది ఎవరూ అడగరు. ఒక వాడలో వరసగా జ్వరాలు వచ్చినప్పుడు ఒంటరి ముసలమ్మ వైపు వేలు చూపించకుండా, ఇది వానాకాలం కదా, దోమలు కుట్టలేదా అని ఒక్కరు అడగాలి. అడిగేవాళ్లు నాస్తికులే కానక్కర్లేదు.

ఏజెన్సీ గూడేల్లో ఆ మాట అడిగేది తరచుగా ఆశా కార్యకర్త. నేను చూసిన ఒకామె మెడలో తాయెత్తు ఉంది, చేతిలో మలేరియా కిట్టు ఉంది. పిల్లాడి వేలు గుచ్చి నెత్తుటి చుక్క తీసింది. పిల్లాడి నాయనమ్మ దారం కట్టించాలని గొణుగుతోంది. ఈమె తల ఎత్తకుండానే అంది: "కట్టించు పెద్దమ్మా, నేనొద్దన్ననా? ముందు ఈ గోళీ మింగించు. మూడు దినాలు మింగాలె, జెరం తగ్గిందని ఒకనాటితోటి ఆపొద్దు."