అవ్వ వేలిముద్రలు

సోలాపూర్ కొంతం చౌక్‌లో నిలబడితే మరాఠీతో పాటు మన తెలుగూ గట్టిగానే వినబడుతుంది. తాతల కాలంలో మగ్గాల పనికి తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలం మేము. మగవాళ్ళకు చద్దర్లు, టవళ్ళ సాంచాలు, ఆడవాళ్ళకు బీడీలు. అవ్వ చిన్నప్పటి నుంచీ బీడీలే చుడుతోంది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, మూతి ముడుచుడు, దారం కట్టుడు. అంతా వేలికొనల పనే.

పోయినేడు అవ్వకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. సూది మందులయ్యాక కేపసిటబిన్ మాత్రలు రాశారు. 14 రోజులు వేసుకోవాలి, 7 రోజులు ఆపాలి. జుట్టు ఊడుతుందని ముందే తెలుసు, ఊడింది. చేతుల సంగతి ఎవరం అనుకోలేదు. రెండో విడతలో అరచేతులు గోరింటాకు పండినట్టు ఎర్రబడ్డాయి. "పెండ్లిపిల్ల చేతులైనయే" అని అవ్వే నవ్వింది. వారం తిరగకముందే తిమ్మిరి, మంట, తర్వాత పొరలు పొరలుగా తోలు ఊడింది. పాదాలకూ అంతే.

దీన్ని హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు. వేడి, రాపిడి తగిలితే ఇంకా ముదురుతుంది. డాక్టరమ్మ మందు మోతాదు తగ్గించి, యూరియా క్రీము రాసి, "వేడినీళ్ళు వద్దు, రాపిడి పని వద్దు" అంది. "మరి బీడీ?" అని అవ్వ అడిగింది. నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ ముందు నుంచే పూస్తే ఈ బాధ చాలామందిలో తగ్గిందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2024లో ప్రచురించారు. మాకు తెలిసేసరికి అవ్వ చేతులు పగిలే ఉన్నాయి.

అసలు చిక్కు రేషన్ దుకాణంలో వచ్చింది. మిషన్ బొటనవేలును గుర్తుపట్టలేదు. పది వేళ్ళూ పెట్టించారు. "మావశీ, ఉద్యా యా" అని మూడుసార్లు తిప్పి పంపారు. తోలు ఊడి గీతలే పోయినయని ఎవరికి చెప్పాలి?

సింగపూర్ డాక్టరు ఒకాయన 2009లో వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. ఇదే మందు వాడుతున్న 62 ఏళ్ళ రోగిని, వేలిముద్రలు కనబడక, అమెరికా విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపారట. అవ్వకు చెప్తే, "ఆయన అమెరికాకు పోయిండు, నేను బియ్యానికి పోయిన" అంది.

ఇప్పుడు నాన్న ఫోన్‌కు ఓటీపీ వస్తే బియ్యం ఇస్తున్నారు. బీడీ చాట మాత్రం అటక ఎక్కలేదు. మాత్ర లేని ఏడు రోజులూ అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది. అమ్మ కత్తెర దాచిపెడితే, పక్కింటికి పోయి అడుక్కొస్తుంది.