కొత్తిమీర కట్ట

భీమునిపట్నం బజారులో కొత్తిమీర కట్ట చేత పట్టినప్పుడల్లా అమ్మీ జ్ఞాపకం వస్తుంది. చివరి రెండేళ్లు ఆమెకు చూపు లేదు. అయినా కట్టను ఎంచుట ఆమె పనియే. కాడ పుటుక్కున విరిగితే తాజాది, వంగితే వాడినది. తడి ఆరనిచ్చి, వేళ్లతోనే పొడిగుడ్డలో చుట్టి దాచేది. కాడలను దాల్చాలో ఉడికించి, ఆకును దించిన పిమ్మటనే చల్లేది. పొయ్యిమీద దాని పరిమళం నిలువదు. ఎం.ఏ. చదివిన నేను కాడలు పారవేసి చీవాట్లు తిన్నాను. పాశ్చాత్యుల వంటలలోని పార్‌స్లీ కూడ కొత్తిమీర కుటుంబానిదే.

అమ్మీ వెళ్లిపోయింది. నిన్న మా అమ్మాయి కాడను చెవి దగ్గర విరిచి, “అబ్బా, తాజాదే! దాదీ చెప్పింది” అన్నది.

విద్యార్థులారా, పట్టా లేని గురువులు మన వంటింటిలోనే ఉంటారు. వారుండగానే అడిగి తెలుసుకోండి.