చదరంగపు తిరునాళ్ళు

కోడిపందేల కోసం భీమవరం పోయేవారున్నారు. క్రికెట్టు కోసం సెలవు పెట్టి బొంబాయి పోయేవారున్నారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, తలలు పట్టుకుని, ఒక్కొక్క ఎత్తుకు అరగంట ఆలోచించే ఆటను చూడడానికి సముద్రాలు దాటిపోయేవాణ్ణి మాత్రం మా కాలేజీలో ఎవరూ ఎరగరు. 2025 జనవరిలో నేను సెలవుచీటీ ఇచ్చినప్పుడు మా ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు సవరించుకుని, "ఆడడానికా, చూడడానికా?" అని అడిగారు. చూడడానికేనన్నాను. "అందులో చూడడానికేముంటుందండీ!" అన్నారు జాలిగా.

నేను పుట్టింది గుంటూరులో, తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నది వరంగల్లులో. చదరంగం పిచ్చివాడికి ఇంతకంటె మంచి జాతకం ఉండదు. 2001లోనే గ్రాండ్‌మాస్టరు అయిన హరికృష్ణది గుంటూరు. అర్జున్ ఎరిగైసిది వరంగల్లు. 2024 డిసెంబరు రేటింగుల జాబితాలో 2800 దాటాడు. మన దేశంలో అంతకుముందు ఆ గీత దాటినవాడు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే. ఇక ఆ డిసెంబరులోనే సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి, పద్ధెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయిన గుకేశ్ మద్రాసులో పెరిగినవాడే గాని, తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఈ ముగ్గురూ ఒకే పోటీలో, ఒకే గదిలో ఆడబోతున్నారంటే ఇంట్లో ఎలా కూర్చోను? ఆమ్‌స్టర్‌డామ్‌లో మా అక్కయ్య కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు. తిండికీ పడకకూ లోటు లేదు. విమానం టిక్కెట్టు ధర సంగతి మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ఆ పోటీ జరిగే ఊరు నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జే. బెవర్‌వైక్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. పేరులోనే సముద్రమున్న ఊరు అది. ఇసుకదిబ్బల చాటున ఒదిగిన చిన్న పల్లె; ఒక చర్చి, పచ్చిక బయలు, పెంకుటిళ్ళు, నాలుగు కాఫీ హోటళ్ళు. దిబ్బలెక్కితే ఉత్తర సముద్రం. మన సూర్యలంక, బాపట్లల దగ్గరి నీలం రంగు సముద్రం కాదది, సీసం కరగబోసినట్టుంటుంది. జనవరిలో ఆ గాలి చెవులు కోసేస్తుంది. "మామయ్యా, మఫ్లరు ముక్కుదాకా లాక్కో" అని మా మేనల్లుడు మూడుసార్లు చెప్పాడు. దక్షిణంవైపు తలతిప్పితే మాత్రం పల్లె అన్నమాట మరచిపోవలసిందే. ఉక్కు కర్మాగారపు గొట్టాలు వరసగా నిలబడి పొగ చిమ్ముతుంటాయి.

ఆ పొగగొట్టాలే ఈ పోటీకి పుట్టిల్లు. 1938లో బెవర్‌వైక్‌లో ఆ కర్మాగారం వారి చదరంగ సంఘం చిన్నగా మొదలుపెట్టిన పోటీ ఇది. అప్పుడు దాని పేరు హూగోవెన్స్, అంటే ఉక్కు కొలుములని అర్థం. 1968లో సముద్రపు ఒడ్డుకు మారింది. తరువాత కంపెనీ చేతులు మారింది, దానితోపాటు పోటీ పేరూ మారింది; హూగోవెన్స్ పోయి కోరస్ వచ్చింది, కోరస్ పోయి 2011లో టాటా స్టీల్ వచ్చింది. జంషెడ్‌పూరు పేరు ఉత్తర సముద్రపు గాలికి జెండామీద రెపరెపలాడుతుంటే చూడడానికి విచిత్రంగానే ఉంటుంది. ఆ ఊరివారికి చదరంగం మీద ఎంత ప్రేమో, కిటికీల మీద పడే ఆ కర్మాగారపు నల్లదుమ్ము మీద అంత కోపం. ఏ మాటకామాట చెప్పుకోవాలి.

యుద్ధం ముగిసి దేశమంతా తిండికి కటకటలాడుతున్న 1946లో, పోటీ చివరి విందులో ఆటగాళ్ళకు బఠాణీల పులుసు పెట్టారట. ఆ తరువాత దేశం ఎంత సంపన్నమైనా ఆ విందులో ఆ పులుసు మానలేదు. హోటళ్ళలోనూ దొరుకుతుంది. ఎండు బఠాణీలు మెత్తగా ఉడికించి చేస్తారు. చెంచా నిలబెడితే నిలబడాలి, అదీ దాని లక్షణం. పంది మాంసం వేయడం ఆనవాయితీ గనుక, అది లేకుండా చేసిన గిన్నెడు నాకోసం మా వాడు వెతికి తెచ్చాడు. మన పప్పులో పులుపూ కారమూ మరచిపోయినట్టుంటుంది. అయినా ఆ చలిలో అమృతమే.

ఆట జరిగేది డి మోరియాన్ అనే ఊరి క్రీడాశాలలో. లోపల అడుగుపెట్టగానే నేను ఆగిపోయాను. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ళు ఆడేచోటు ఏ రాజసభలానో ఉంటుందనుకుంటామా? అక్కడ వందలాది బల్లలు, వందలాది జనం. రిటైరైన బడిపంతుళ్ళు, పోస్టుమాన్లు, బొద్దుమీసాల రైతులు, పళ్ళు ఊడిన పిల్లలు, అందరూ గడియారాలు నొక్కుతూ ఆడేస్తున్నారు. పదిమందిని ఒక జట్టుగా కట్టి ఒకరితో ఒకరిని ఆడిస్తారు. జట్టులో మొదటివాడు మరుసటి ఏడు పై జట్టుకు పోతాడు. అలా మెట్టు మెట్టుగా ఎక్కుతున్నవాళ్ళూ, దిగుతున్నవాళ్ళూ ఏటేటా వస్తూనే ఉంటారు. అదే కప్పు కింద, కాస్త అవతల, అడ్డు కట్టిన చోట పద్నాలుగుమంది మహారథులు. తన ఎత్తు వేసి లేచిన పెద్దమనిషి కాళ్ళు సాగదీసుకుంటూ నడిచివచ్చి, ప్రపంచ విజేత ఏం చేస్తున్నాడో ఓ చూపు చూసి, మళ్ళీ తన బంటు దగ్గరకు పోతాడు.

1999లో కాస్పరోవ్ టోపలోవ్ మీద ఏనుగును బలిచ్చి, రాజును బోర్డు ఈ చివరనుంచి ఆ చివరకు తరిమి గెలిచిన ఆట ఈ పోటీలోదే. ఆనంద్ అయిదుసార్లు ఇక్కడ మొదటి స్థానంలో నిలిచాడు, కొన్నిసార్లు ఒంటరిగా, కొన్నిసార్లు ఇతరులతో కలిసి. హరికృష్ణ 2012లో ఇక్కడే రెండో వర్గం గెలిచాడు. అర్జునూ అలాగే 2022లో రెండో వర్గం గెలిచి పైకి వచ్చాడు. 2025లో ఆ పద్నాలుగుమందిలో అందరికంటె పెద్దవాడు హరికృష్ణ. చుట్టూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు కుర్చీల్లో కుదురులేక మెలికలు తిరుగుతుంటే, అతను మాత్రం లెక్కల మాస్టారులా నిబ్బరంగా కూర్చుని ఉండేవాడు. అతన్ని చూస్తూ నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అర్జునుకు ఆ పోటీ కలిసిరాలేదు. 2800 దాటి వచ్చినవాడు పట్టికలో అడుగున పడ్డాడు. వరంగల్లునుంచి మిత్రులు ఫోను చేసి, నేనే ఏదో చేసినట్టు "ఏమిటండీ మనవాడిలా?" అని నిలదీసేవారు. చివరికి పన్నెండో రౌండులో అబ్దుసత్తరొవ్‌ను ఓడించి ఊపిరి పీల్చుకున్నాడు. మిగిలింది ఒక్క రౌండు. అందులో అర్జునుకు ఎదురైనవాడు గుకేశ్.

అప్పటికి గుకేశ్, మద్రాసు కుర్రవాడే అయిన ప్రజ్ఞానంద చెరి ఎనిమిదిన్నర పాయింట్లతో ముందున్నారు. గుకేశ్ గెలిస్తే ప్రపంచ విజేతగా తొలి పెద్ద పోటీ అతనిది. అర్జున్ గెలిస్తే అతనికి బహుమతి రాదు గాని పరువు దక్కుతుంది. ఫిబ్రవరి 2, ఆదివారం. మామూలుగా రెండింటికి మొదలయ్యే ఆట చివరిరోజు పన్నెండింటికే మొదలవుతుంది. "మామయ్యా, నువ్వెవరివైపు?" అన్నాడు మా మేనల్లుడు. "డ్రా వైపు" అన్నాను.

కృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మన మీద చాటువు ఉన్నది. ఆ గెలుపుకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామం ఇచ్చాడని కూడా చెబుతారు. క్లాసులో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో! తిమ్మన ఎత్తు వేసినప్పుడు చుట్టూ ఉన్న సభాసదుల ముఖాలు ఎలా ఉండేవో అన్న ఆలోచన మాత్రం ఆ అడ్డు పక్కన నిలబడ్డప్పుడే వచ్చింది. రాజూ తమవాడే, కవీ తమవాడే. ఎవరు చేయి ఎత్తినా సగం ప్రాణం పోయి ఉంటుంది.

డ్రా కాలేదు. అర్జున్ ఆడిన తీరు అంతకుముందు పదిరోజులు ఓడినవాడి తీరు కాదు. గుకేశ్ ఓడిపోయాడు. ప్రపంచ విజేత అయ్యాక నిదానపు ఆటలో అతనికది మొదటి ఓటమి. వరంగల్లువాణ్ణి గనుక నాకు పొంగిపోవాలనిపించింది. కుర్చీలోనే ఉండిపోయిన ఆ కుర్రవాణ్ణి చూస్తే చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

నా పక్కన ఓ డచ్చి పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఏటా వచ్చి ఆడిపోయేవాడట. నా అవస్థ కనిపెట్టి, మా మేనల్లుడి ద్వారా తన సంగతి చెప్పాడు. 2021లో వాళ్ళ దేశంవాళ్ళే, గిరీ, వాన్ ఫోరీస్త్, ఇలాగే సమంగా నిలిచి చివరికి ఒకరితో ఒకరు తలపడ్డారు. 1985 తరువాత డచ్చివాడొకడు గెలవబోతున్నాడు. కాని ఏ డచ్చివాడు? కరోనా రోజులు కావడంతో హాల్లోకి ఎవరినీ రానివ్వలేదు. ఆయన ఇంట్లో ఒంటరిగా చూశాడు. వాన్ ఫోరీస్త్ గెలిచాడు. "అప్పుడు మీరేం చేశారు?" అని అడిగించాను. "కుక్కను తీసుకుని దిబ్బలమీదికి నడిచిపోయాను" అన్నాడు.

గుకేశ్ ఓడడంతో ప్రజ్ఞానందకు డ్రా చాలు. ఎదురుగా జర్మనీ కుర్రవాడు కీమర్. చిత్రం చూడండి: సింగపూరు పోటీకి గుకేశ్‌ను సిద్ధంచేసిన బృందంలో హరికృష్ణతో పాటు ఈ కీమరూ ఉన్నాడు. అతను ప్రజ్ఞానందను గంటల తరబడి నలిపి, నలిపి చివరికి ఓడించాడు. ఇద్దరు నాయకులూ ఒకేరోజు ఓడి, మళ్ళీ సమానంగానే మిగిలారు!

ఇక ఆటగాడికి మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు అదనంగా. చీకటి పడింది. ఇంటికి పోవలసిన ముసలివాళ్ళు కోట్లు తొడుక్కుని కూడా పోకుండా నిలబడ్డారు. మొదటి ఆట గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది. గెలుపు తేల్చే మూడో ఆటలో గుకేశ్ చేతిలో పట్టు ఉన్నట్టే కనిపించింది. ఒక బంటు పోయింది, ఆ వెనుక గుర్రం పోయింది. అంతకుముందు ఏడు కూడా అతను ఇక్కడ ఇలాంటి ఆటలోనే వెయ్ యీకి ఓడి మొదటి స్థానం పోగొట్టుకున్నాడు. 2006లో ఆనంద్ తరువాత ఇక్కడ మొదటి స్థానం ఒక భారతీయుడికి దక్కడం మళ్ళీ అప్పుడే. ప్రజ్ఞానంద రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. హాలంతా ఒక్కసారి చప్పట్లు. నేనూ కొట్టాను, ఈసారి చేతులు వచ్చాయి.

బయటికి వచ్చేసరికి నా ఫోనులో వరంగల్లునుంచి పదకొండు సందేశాలు, గుంటూరునుంచి రెండు. అన్నిటిలోనూ "మనవాడు" అనే ఉంది, ఎవడో ఒక్కదానిలోనూ లేదు. కాఫీ హోటల్లో చోటు లేదు. మూలబల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు పులుసుగిన్నెలు పక్కకు నెట్టి, జేబు చదరంగం తెరిచి గట్టిగా వాదించుకుంటున్నారు. గుకేశ్ ఆ గుర్రాన్ని ఎలా పోగొట్టుకున్నాడో తేలుస్తున్నారనుకుని దగ్గరకు జరిగాను. బోర్డుమీద ఉన్నది ఆ ఆట కాదు, అర్జునుదీ కాదు. ఆ పగలు వాళ్ళిద్దరూ ఆడుకున్న ఆట. శకటును అక్కడ పెట్టకూడదంటాడు ఒకడు, పెట్టే తీరుతానంటాడు రెండోవాడు.