మారేడుమిల్లి... చెట్టుకో లెక్క, నీటికో లెక్క!

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా ఎనభై కిలోమీటర్లకు పైగా వెళ్తే మారేడుమిల్లి. రోడ్డు పక్కన నిప్పుల మీద కాలుతున్న బొంగు చికెన్ ఘుమఘుమలు, జలతరంగిణి, అమృతధార జలపాతాలు... పర్యటకులు ఎక్కువగా వీటికోసమే వస్తారు. కానీ ఈ కొండలు చడీచప్పుడూ లేకుండా మరో రెండు పనులు చేస్తున్నాయి. ఒకటి, గాల్లోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆ కర్బనాన్ని చెట్లలో, మట్టిలో దాచడం. రెండోది, బొగ్గు కాల్చకుండానే కరెంటు ఇవ్వడం.

చింతూరు వైపు ఘాట్‌రోడ్డులో సాగి మోతుగూడెం దారి పడితే, పొల్లూరులో దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1970లలో 115 మెగావాట్ల చొప్పున నాలుగు టర్బైన్లతో దీన్ని కట్టారు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారుచేస్తే సుమారు కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఆ నాలుగూ పూర్తిస్థాయిలో గంటసేపు తిరిగితే దాదాపు 460 టన్నులు గాల్లో కలవకుండా ఆగినట్టే!

మరి పగటి ఎండతో వచ్చే కరెంటును రాత్రికి దాచేదెలా? ప్రపంచమంతటా పరిశోధకులు తలపట్టుకుంటున్న ప్రశ్న ఇది. ఒక జవాబు బ్యాటరీ. మరో జవాబు, పగలు మిగిలిన కరెంటుతో నీటిని కొండమీదికి తోడి రాత్రి కిందికి వదలడం. ఈ తోడిపోతలో నాలుగోవంతు దాకా కరెంటు ఖర్చయిపోయినా, మిగిలింది అవసరమైన వేళకు అందుతుంది. సీలేరు మీద 1,350 మెగావాట్ల అలాంటి పథకాన్నే ఏపీ జెన్‌కో ప్రతిపాదించింది. పైన గుంటవాడ, కింద డొంకరాయి జలాశయాలు ఇప్పటికే ఉండటం కలిసొచ్చే విషయం.

అయితే సొరంగాలకూ రోడ్లకూ అడవి కావాలి. అటవీ సంరక్షణ చట్టం వచ్చిన 1980 నుంచీ అటవీభూమిని వేరే పనికి మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. పోయిన అడవికి బదులు మొక్కలు నాటిస్తారు నిజమే. కానీ ముదురు అడవి తరాలుగా దాచుకున్న కర్బనాన్ని నిన్న నాటిన మొక్క ఎప్పటికి దాచేను? అడ్డాకులు, చింతపండు, తేనె, కొండచీపుర్లతో బతికే కొండరెడ్లకూ కోయలకూ అది బతుకు లెక్క కూడా. అడవిపై వారి హక్కును 2006 చట్టం గుర్తించింది. అందుకే అనుమతుల ఫైలును ఆలస్యమని విసుక్కోకూడదు. నీటివల్ల వచ్చే లాభాన్నీ చెట్టువల్ల పోయే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి చూసే చోటు అదొక్కటే.

వర్షాలు తగ్గాక, చలికాలం ఇక్కడికి రావడానికి మంచి సమయం. వన సంరక్షణ సమితుల్లోని స్థానిక గిరిజనులు బస, భోజనం చూసుకుంటారు. అడవిలో మంటలు మాత్రం పెట్టకండి. ఏళ్లుగా చెట్లు దాచింది గంటలో పొగైపోతుంది!