లస్కరు లేని లాకులు

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి లాకంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం లాకుల్లో పడవ ఎక్కడమో దిగడమో చూసిన కళ్ళకి ఇంగ్లండు లాకు ముందు బొమ్మలాగే కనిపిస్తుంది. ఏడడుగుల వెడల్పు, డెబ్భై రెండడుగుల పొడవు. పడవా అంతే, ఒరలో కత్తిలా ఇమిడిపోతుంది.

వూస్టర్ ఊరి చివర డిగ్లిస్ దగ్గర సెవెర్న్ నదిని వదిలి కాలువలోకి ఎక్కుతాం. మొదటి రెండు లాకులు వెడల్పైనవే. నది పడవలు రేవు దాకా రావాలిగా! ఆ తరవాత అన్నీ ఇరుకే. ఇక్కణ్ణించి బర్మింగ్‌హామ్‌కి ముప్ఫై మైళ్ళు, 58 లాకులు, 428 అడుగుల ఎత్తు. 1791లో అనుమతి వచ్చిన ఈ కాలువ పూర్తయ్యేసరికి 1815 అయింది.

ఉప్పు తీసిన స్టోక్ ప్రయర్ దాటాక అసలు మెట్లు మొదలవుతాయి. టార్డెబిగ్ వరస: రెండుంబావు మైళ్ళలో ముప్ఫై లాకులు. బ్రిటన్‌లో ఇంత పొడుగు వరస ఇంకోటి లేదు. తూములెత్తడానికి, తలుపులు తెరవడానికి మన కాలవల మీదలా లస్కరు వస్తాడని చూస్తే లాభం లేదు. వేసవిలో స్వచ్ఛందంగా సాయానికి వచ్చేవాళ్ళున్నా, పని మాత్రం పడవవాళ్ళదే. ఎల్ ఆకారపు ఇనప చెయ్యి ఒకటి నడుంలో దోపుకుని ఒకరు గట్టు మీద ముందు నడుస్తారు. పడవ గదిలోకి వచ్చాక కింది తలుపులు మూసి, పై తూములు తిప్పుతారు. నీళ్ళు కిందినించి ఉబుకుతూ వచ్చి పడవని ఏడడుగులు లేపుతాయి. రెండువైపులా నీళ్ళు సమమయ్యేదాకా తలుపు ఎంత తోసినా కదలదు. సమమయ్యాక, పొడుగాటి దూలానికి వీపానించి నెమ్మదిగా నెడితే చాలు, టన్నులకొద్దీ బరువున్న తలుపు జరుగుతుంది. కండబలం ఉన్నవాడి కన్నా ఓపికున్నవాడే ఇక్కడ నెగ్గుతాడు. ముప్ఫై లాకులకీ నాలుగైదు గంటలు.

లెక్క వేసి చూడండి. ఒక్కో లాకు నిండడానికి సుమారు లక్ష లీటర్లు. పడవ ఎక్కినా దిగినా ఆ నీళ్ళు కిందికి పోవలసిందే. కొండ మీద కాలువకి నదేమీ లేదు. చెరువు తవ్వి నిలవ చేసుకోవాలి. టార్డెబిగ్ పక్కన ఉన్న చెరువు అందుకే. ఈ ఖర్చుకి భయపడే 1808లో జాన్ వుడ్‌హౌస్ ఇక్కడ పడవల్ని ఎత్తే యంత్రం కట్టాడు: పడవా నీళ్ళూ పట్టే చెక్క తొట్టె ఒకవైపు, ఇటుకల బరువు రెండోవైపు. పని చేసింది కూడా. కానీ రోజువారీ తాకిడికి నిలవదని పెద్ద ఇంజనీర్లు తేల్చడంతో తీసేసి, దాని చోట లాకే కట్టారు. అందుకే వరసలో చిట్టచివరిది మిగతా వాటికన్నా అంత లోతుగా ఉంటుంది.

ఆ పై లాకుకి కాస్త ఎగువనే, 1941 నించి 1946 దాకా, రచయిత టామ్ రోల్ట్ తన పడవ క్రెస్సీ కట్టుకుని కాపురమున్నాడు. 1944లో వచ్చిన ఆయన పుస్తకం ‘నారో బోట్’ చదివి రాబర్ట్ ఐక్‌మన్ అనే పాఠకుడు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. చచ్చిపోతున్న కాలువల్ని కాపాడే సంఘం 1946లో పుట్టడానికి ఆ పరిచయమే కారణం. సరుకు రవాణా పోయినా ఈ తలుపులు ఇంకా తెరుచుకుంటున్నాయంటే, ఇంజనీర్లకన్నా ఆ ఇద్దరికే ఎక్కువ రుణపడాలని నాకనిపిస్తుంది.

ఆపైన పద్నాలుగు మైళ్ళు లాకే లేదు. సొరంగాలు, ఆ తరవాత కాడ్బరీ చాక్లెట్ ఊరు బోర్న్‌విల్, చివరికి గ్యాస్ స్ట్రీట్ రేవు. అక్కడ ఇంకో కాలువ వాళ్ళు తమ నీళ్ళెక్కడ ఇటు జారిపోతాయోనని రెండు కాలువల మధ్య ఏడడుగుల మందాన అడ్డుకట్ట వేశారు. ఏళ్ళ తరబడి సరుకంతా ఈ పడవలోంచి ఆ పడవలోకి మనుషులు మోశారు. 1815లో ఆ కట్టలో చిన్న లాకు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎవరూ ఏ తూమూ తిప్పరు. పడవలు ఆగకుండానే దాటిపోతాయి.