గేటు దగ్గర జ్వరం దొరకదు

2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో తొమ్మిది, ఆపై తరగతుల పిల్లలకు బడులు తెరిచారు. తరగతి గదికి ఇరవై మందే, తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం, మూతికి మాస్కు, గేటు దగ్గర థర్మల్ గన్. ఏర్పాట్లు చూసిపొమ్మని మా ఊరి హైస్కూలు వాళ్లు డాక్టరుగా నన్ను పిలిస్తే వెళ్లాను. చలి ఇంకా పోలేదు, పిల్లలు సైకిళ్ల మీద వస్తున్నారు. అటెండరు నుదుటి దగ్గర గన్ పెడుతుంటే 94, 93, 94 అని వస్తోంది. వాటన్నిటినీ ఎంతో శ్రద్ధగా రిజిస్టరులో ఎక్కిస్తున్నాడు. ఎదురుగాలికి చల్లబడ్డ చర్మం లెక్క అది, ఒంట్లో జ్వరం ఉందో లేదో దానికేం తెలుసు? పొద్దున్నే పారాసెటమాల్ వేసుకొచ్చినవాడికీ గేటు తెరుచుకుంటుంది, ఏ లక్షణమూ లేనివాడికీ తెరుచుకుంటుంది. కరోనా సోకిన పిల్లల్లో చాలామందికి అసలు జ్వరమే రాదు.

మొదటి నుంచీ మన బడుల చూపంతా పిల్లల నుదుటి మీదే. పెద్దవాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. 2020 నవంబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచిన మూడు రోజులకు 262 మంది విద్యార్థులు, 160 మంది దాకా టీచర్లు పాజిటివ్ అని వార్త వచ్చింది. చాలామంది కంట పడింది పిల్లల అంకే. బడికి వచ్చిన పిల్లలు దాదాపు నాలుగు లక్షలు, టీచర్లు లక్షకు కాస్త తక్కువ. భాగహారం చేసి చూస్తే టీచర్ల వాటా రెట్టింపుకు పైనే. పైగా తలుపు తీసిన మూడు రోజులకే బయటపడిందంటే అది చాలావరకు ఇళ్ల నుంచి వచ్చిందే కానీ బెంచీల మీద అంటింది కాదు.

2021 మార్చి వచ్చేసరికి తెలంగాణలో హాస్టళ్ల నుంచి వరసగా కబుర్లు మొదలయ్యాయి. 24 నుంచి బడులన్నీ మళ్లీ మూతపడ్డాయి. దానికి కొద్దిగా ముందు ఒక ఆడపిల్లల హాస్టల్‌కు నన్ను పిలిచారు. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, దోమలని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. అక్కడ జబ్బును పట్టిచ్చింది గన్ కాదు, సాంబారు. ఇంగువ వేయలేదని ఒకమ్మాయి గొణిగితే, వేశారు కదే అని పక్కమ్మాయి నవ్విందట. ఆ మాట చెవిన పడగానే మా ఏఎన్ఎం కొబ్బరినూనె సీసా తెచ్చి, “వాసన చూడమ్మా” అంది. ఆ పిల్ల రెండుసార్లు గట్టిగా పీల్చి, “నీళ్లలాగుందక్కా” అంది. హాలంతా ర్యాపిడ్ టెస్టులు చేశాం. పాజిటివ్‌లు చాలానే తేలాయి. వాళ్లలో సగం మంది ఆ సాయంత్రం తాడాట ఆడుతున్నారు.

చీకటి పడేలోపు గేటు ముందు ఆటోలు నిలబడ్డాయి. “మా పిల్లను మాకిచ్చెయ్యండి.” తల్లిదండ్రుల భయాన్ని తప్పు పట్టను, కానీ హాస్టల్‌లో జబ్బు బయటపడితే పిల్లల్ని ఇళ్లకు పంపడమంత చెడ్డ పని ఇంకోటి లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఒక హాలు, రానివాళ్లకు ఇంకోటి, కిటికీలు బార్లా, రోజుకు రెండుసార్లు పల్స్ ఆక్సీమీటరు. పది రోజులు గడిస్తే అయిపోతుంది. కొందరు విన్నారు. కొందరు రాత్రికి రాత్రే తీసుకుపోయారు. మరుసటి వారం అలా వెళ్లిన ఒకమ్మాయి నాయనమ్మను 85 సాచురేషన్‌తో ఆస్పత్రికి తెచ్చారు. మనవరాలి నుంచే అంటిందని రుజువు చేయలేం. ఆ పిల్ల పడుకున్నది మాత్రం నాయనమ్మ పక్కలోనే.

ఆ హాస్టల్‌లో నిజంగా ప్రాణం మీదికి వచ్చింది వంటావిడకు. యాభై దాటిన మనిషి, షుగరు. స్వాబ్ తీయాల్సినవాళ్ల జాబితాలో విద్యార్థినులు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, వార్డెన్ ఉంది. వంటగదిలోని నలుగురూ లేరు. ఎందుకంటే వాళ్లు ఔట్‌సోర్సింగ్, పేర్లు కాంట్రాక్టరు దగ్గరుంటాయి కానీ హాజరు పట్టీలో ఉండవు. ఒళ్లు నొప్పులతోనే నాలుగు పూటలు అన్నం వార్చింది. పొయ్యి దగ్గర కూలబడ్డాక కబురొచ్చింది. ఏరియా ఆస్పత్రిలో మూడు వారాలకు పైగా ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడింది.

జబ్బును దాచిపెట్టడం ఇంకో గొడవ. 2021 సెప్టెంబరులో బడులు మళ్లీ తెరిచాక పదకొండేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. ఐదు రోజులుగా జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, విపరీతమైన కడుపునొప్పి. అపెండిసైటిస్ అనుకుని అప్పటికే ఒక సర్జను దగ్గరికి వెళ్లొచ్చారు. కరోనా సోకిన రెండు నుంచి ఆరు వారాలకు కొద్దిమంది పిల్లల్లో ఒంట్లో పలు అవయవాలు వాచిపోయే జబ్బు ఒకటి వస్తుంది, ఎంఐఎస్-సీ అంటాం. నా అనుమానం దాని మీదే. యాంటీబాడీలు ఉన్నాయి. అయితే ఏంటి? ఆ జూన్-జులైలో ఐసీఎంఆర్ సర్వే చేస్తే 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. ఈమధ్యే సోకిందా లేదా అన్నది నాకు కావాలి. “వాళ్ల స్కూల్లో ఎవరికీ రాలేదు సార్, ఫోన్ చేసి అడిగాను” అంది తల్లి. మంచం మీద ముడుచుకున్న పిల్లవాడు కళ్లు తెరవకుండానే అన్నాడు: “మా లెక్కల సార్‌కు వచ్చిందమ్మా. ఎవ్వరికీ చెప్పొద్దన్నారు.” ఎన్నాళ్లయిందిరా అంటే, వినాయక చవితికి ముందు అన్నాడు. లెక్క సరిపోయింది. ఆ గంటలోనే హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆస్పత్రికి పంపాం. ఇమ్యునోగ్లోబులిన్, స్టెరాయిడ్లు ఇచ్చారు. గుండె దెబ్బతినలేదు.

ఆ లెక్కల మాస్టారు తర్వాత నా దగ్గరికి వాళ్ల పాపకు టీకా వేయించడానికి వచ్చాడు. దగ్గుతూనే రెండు రోజులు పాఠం చెప్పానని ఒప్పుకున్నాడు. స్టాఫ్ రూములో అందరూ మాస్కులు తీసి ఒకరి డబ్బాలో కూర ఒకరు వడ్డించుకున్నారు కూడా. సెలవు పెడితే జీతం కోస్తారు. అతను ప్రైవేటు టీచరు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చిన కోవలోని మనిషి. నెలలకొద్దీ జీతం చూడనివాడు దగ్గుకు సెలవు పెడతాడా?

ఆ స్కూలు కరస్పాండెంటును కలిశాను. శానిటైజర్ స్టాండ్లు చూపించాడు, పొగ కొట్టే మిషను చూపించాడు. ఇవన్నీ పక్కన పెట్టి, జ్వరమొచ్చిన టీచరుకు, ఆయాకు, వ్యాను డ్రైవరుకు జీతం కోయకుండా వారం సెలవివ్వండి అన్నాను.

“అందరూ జ్వరమని అబద్ధం చెప్తే?”

“చెప్పనివ్వండి. పొగ మందు ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.”

బేరమాడి మూడు రోజులకు ఒప్పుకున్నాడు. అదీ పాజిటివ్ రిపోర్టు చూపిస్తేనేనట. అప్పట్లో మా ఊళ్లో ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు చేతికి రావడానికే రెండు రోజులు పట్టేది.